నడిమి రకం టైర్లు

నాచారం ఫ్యాక్టరీల సందుల నుంచి ఉప్పల్ డిపో దాకా తిరిగే కార్లలో అబ్బయ్య బొటనవేలికి తెలియని టైరు లేదు. కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టి, రబ్బరు మీద గోరు ఆనించనిస్తే చాలు, అది ఏ ఏడు ఏ వారంలో అచ్చులోంచి బయటపడిందో చెప్పేస్తాడు. ఇంకొంచెం సేపు ఆనించనిస్తే ఆ వారం ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఏం కూర వండారో కూడా చెప్పేస్తాడు. ఈ మాట ముప్పై ఏళ్లుగా అబ్బయ్యే చెబుతున్నాడు, చర్చి ఆవరణలో, చాయ్ దుకాణంలో, పెళ్లి పందిట్లో, ఒకసారి పంటి నొప్పితో దవాఖానా వరసలో కూర్చుని కూడా. ఈ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, తమ్ముడి కొడుకు అనిల్ కుమార్ నడుపుతున్న కారులో ముందు సీట్లో కూర్చుని, తెల్ల చొక్కా నలగకుండా బెల్టు కింద అరచేయి పెట్టుకుని, మళ్లీ అదే మాటను నోట్లో తిప్పి చూసుకుంటున్నాడు. మార్తమ్మ కొడుకు రవి కుమార్ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక కూడికలో రెండు మాటలు అబ్బయ్యే చెప్పాలని మార్తమ్మ కబురు పెట్టింది. అదీ నవ్వించేటట్టు చెప్పాలట. ఏడ్చేటందుకు నేనున్న గదా అన్నా, మా పోరడు నీ ముచ్చట్లకు మస్తు నవ్వేటోడు, జర నవ్వియ్యి అందట. నవ్వించడం ఎంతసేపు. రవి టైర్లు మంచివని చెప్పింది తన వేలే అన్న సంగతి ఆ తల్లికి తెలిస్తే కదా కష్టం.

హెచ్ఎంటీ నగర్ దగ్గర కారు ఆగింది. ముందు బస్సు, పక్కన నీళ్ల ట్యాంకరు, వెనక హారన్లు, పైన వాన. అద్దం మీద వైపరు పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, వద్దు వద్దు అన్నట్టు. అబ్బయ్య చెవి మాత్రం కిందనే ఉంది, చక్రాల దగ్గర. అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు అతికించే కార్ఖానాలో నలభై రెండేళ్లు పనిచేసిన చెవి అది. లారీ టైరు మొరటుది, తిట్టినట్టు మాట్లాడుతుంది. కారు టైర్లలో ఈ నడిమి రకం ఉంది చూశారూ, మరీ చవక కాదు, మరీ షోకుదీ కాదు, దూరాలు పోయే సంసారుల కోసం చేసిందది, దాని గుణమే వేరు. ఎండిన రోడ్డు మీద ఉందో లేదో తెలియదు. గుంతలో పడితే నడుముకు చెప్పకుండా తనే మింగేస్తుంది. నలభై యాభై వేల కిలోమీటర్లు పెద్ద కోడలిలాగ అరుగుతుందే తప్ప అరవదు. దీన్ని కాగితాల మీద వేసవి టైరు అని రాస్తారని ఒకసారి దుకాణంలో ఎవరో చదివి వినిపిస్తే అబ్బయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. మంచు పడే దేశాలవాళ్లకు ఎండకొక జత, చలికొక జత ఉంటుందట, మారుస్తారట, చెప్పులు మార్చినట్టు. మనకెందుకయ్యా, మనకున్నది ఒకటే కాలం, నడుమ నాలుగు వానలు అన్నాడప్పుడు. ఆ నాలుగు వానలే. కొత్తగా ఉన్నన్నాళ్లు తడిలో కూడా మాట వింటుంది, గాడుల్లోంచి నీళ్లు పక్కకు తోసి రోడ్డును పట్టుకుంటుంది. ఏళ్లు గడిచాక కూడా, బండి తిరగకపోతే, గాడులు గాడుల్లాగే ఉంటాయి. రబ్బరు మాత్రం లోలోపల నిలవ అరిసెలాగ గట్టిపడిపోతుంది. పైకి కొత్త, తడిలో ముసలి. మనుషులు దీనికి ఉల్టా, పైకి ముసలి లోపల పోరగాళ్లు అనుకుని నవ్వబోయాడు, నవ్వు దవడ దాకా వచ్చి ఆగిపోయింది.

రవి బండి సరిగ్గా అట్లాంటిదే. మల్కాజిగిరిలో రిటైరైన ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాడు, ఆయన దాన్ని ఏడాదంతా గుడ్డ కప్పి ఉంచి పండక్కి ఒకసారి బయటికి తీసేవాడట. చర్లపల్లి స్టేషన్‌కు కిరాయిలు తోలుకుంటానని రవి ఎంత మురిశాడో. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు కార్లన్నీ వరసగా ఉంటే, అబ్బయ్య మామ వేలు పెట్టి చూడటం అక్కడ ఒక ఆచారం లాంటిది, పాస్టరు ఆశీర్వాదం తర్వాత రెండో ఆశీర్వాదం. రవి చేయి పట్టి లాక్కుపోయాడు. మామా, ఈ వానకాలం ఎల్తయా జర సూడు అన్నాడు. గాడులు నిండుగా ఉన్నాయి, నల్లగా మెరుస్తున్నాయి. పుట్టిన వారం చెప్పే నాలుగు అంకెలు టైరుకు ఒక పక్కే అచ్చు వేస్తారు, ఆ పక్క లోపలికి తిరిగి ఉంది నాలుగింటికీ. చూడాలంటే కింద పడుకుని మెడ బండి కిందికి పెట్టాలి. రాత్రి కురిసిన వానకు నేలంతా బురద. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చంకలో బైబిలు, చుట్టూ పదిమంది. అబ్బయ్య వంగలేదు. వేలు ఆనించాడు, నొక్కాడు, కళ్లు మూసుకున్నాడు, అందరూ చూస్తున్నారు కాబట్టి ఇంకో క్షణం ఎక్కువ మూసుకున్నాడు. వెన్న లెక్క ఉన్నయిరా, ఇంక రెండు వానకాలాలు ఫికర్ లేదు అన్నాడు. వెన్నా లేదు, రాయీ లేదు. వేలికి ఏమీ తెలియలేదు. పన్నెండో రోజు తెల్లారి, వానలో, స్టేషన్‌లో ఎవరినో దింపి వస్తూ, హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు తిరిగాక, మెట్రో స్తంభం దగ్గర బండి తిరగబడి రవి అక్కడికక్కడే పోయాడు.

వేలి సంగతి చెప్పాలంటే అబ్బయ్యకు ఇప్పుడు కూడా సిగ్గు లేదు, సరదాగానే ఉంటుంది. గంతల ముచ్చట ఉంది కదా, అది ఉత్తదే. ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివినప్పుడు పంతులు ఎక్కాలు తలకిందులుగా అప్పజెప్పించేవాడు, దాంతో ఒకసారి కంటబడిన అంకె అబ్బయ్య తలలోంచి పోదు. గంతలు కట్టేముందు, టైరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎట్లుంది బిడ్డా అని దాన్ని పలకరించినట్టు నటించి, పక్క గోడ మీది నాలుగు అంకెలు చదివేసుకునేవాడు. ముందు రెండు వారం, వెనక రెండు ఏడు. తర్వాత గుడ్డ కట్టించుకుని, గోరు ఆనించి, మూలిగి, కాస్త బతిమాలించుకుని చెప్పేవాడు. జనం నోరు తెరిచేవాళ్లు. కార్ఖానాలో తాను అతికించిన రబ్బరు లారీని మించి బతికిందనీ, లారీ తుక్కుకు పోయి, డ్రైవరు మంచం పట్టి పోయినా టైరు మాత్రం ఇంకా పని దొరుకుతుందేమోనని గేటు ముందు నిలబడి ఉండేదనీ చెబితే కూడా అట్లాగే తెరిచేవాళ్లు. అది అబద్ధమని వాళ్లకు తెలుసు, వాళ్లకు తెలుసునని తనకు తెలుసు, అందులో ఎవరికీ నష్టం లేదు. కానీ వేలు పూర్తిగా దొంగది కాదు. ఒకప్పుడు నిజంగానే తెలిసేది. గోరు దిగి, తీయగానే గుర్తు మాయమైతే రబ్బరు బతికుంది, గుర్తు నిలబడితే చచ్చింది. రెండేళ్ల కింద దాకా తెలిసింది. చక్కెర జబ్బు ముందు కాళ్లను తిన్నది, తర్వాత వేళ్లకు వచ్చింది. దవాఖానాలో పిల్ల డాక్టరు సన్నటి దారం లాంటిది వేలి కొసకు తాకించి, తాతా తెలుస్తుందా అంటే, నువ్వు తాకినవంటే తాకినట్టే బిడ్డా, నీ మాట మీద నమ్మకం ఉన్నది అన్నాడు. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో చెప్పలేదు. ఆదివారం ఆదివారం వేలు పెడుతూనే ఉన్నాడు, మంచివి మంచివి అంటూనే ఉన్నాడు, ఎన్ని బండ్లు, ఎవరెవరి పిల్లలు ఎక్కే బండ్లు, లెక్కపెడదామని మొదలుపెట్టి ఏడో బండి దగ్గర మానేశాడు.

బస్సు కదిలింది. అనిల్ గేరు మార్చి, పెద్దనాయినా, మార్తమ్మత్త మంచి మనసు సూడు అంటూ మొదలుపెట్టాడు. రవి బండిని తుక్కు వాళ్లకు ఇచ్చేశారట. ముందు టైర్లు రెండూ పగిలిపోయాయి కానీ వెనకవి దెబ్బ తినలేదట. మీ పెద్దనాయిన కొత్తవాటి లెక్క ఉన్నయని సమాధి కాడ చెప్పిండు గదా, ఎందుకు పారేసుడు, నీ బండి గూడ గదే కదా, నువ్వు ఏసుకో బిడ్డా, అవి తిరుగుతాంటే మా రవి తిరిగినట్టుంటది అని ఇచ్చిందట. నిన్న సాయంత్రమే వేయించాడట, గాడులు నిండుగా ఉన్నాయని ముందుకే వేయించాడట.

"గీ బండికా?" అన్నాడు అబ్బయ్య.

"గీ బండికే. షాపాయన జర నసిగిండు, పాతయి అన్నడు. మా అబ్బయ్య పెద్దనాయిన వేలు పెట్టి సూసిండు అన్న. ఇగ మాట్లాడలే."

ఇగ మాట్లాడలే. తెలిసినవాడి నోరు తన పేరు చెబితే మూతబడింది. అబ్బయ్య కాళ్లు వాటంతటవే ముందుకు బిగుసుకున్నాయి, తన వైపు బ్రేకు ఉన్నట్టు. కింద చక్రాల చప్పుడు ఇందాకటి నుంచి కొత్తగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది, తడి రోడ్డు మీద బతికున్న రబ్బరు చీర చింపినట్టు శబ్దం చేస్తుంది, ఇది పలక మీద బలపం గీసినట్టు ఉంది. మెల్లగా పో బిడ్డా, కడుపుల తిప్పుతున్నది అన్నాడు. మధ్యాహ్నం పప్పు ఎక్కువ తిన్నావా అని అనిల్ నవ్వి మెల్లగా పోనిచ్చాడు. చెప్పొచ్చు ఇప్పుడే. పక్కకు ఆపమని, దింపమని, ఈ రెండూ పీకి పారేయమని. కానీ ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే, ముందు మార్తమ్మకు తెలియాల్సిన మాట వీడి నోటి గుండా ఫోనులో పోతుంది ఆమెకు. ఇంకో అబద్ధమైతే క్షణంలో దొరుకుతుంది, అబ్బయ్యకు అబద్ధాల కరువా, ఆ రకం టైర్లను కంపెనీ వెనక్కి పిలిచిందట అంటే చాలు, అనిల్ రేపే మారుస్తాడు, ప్రాణం దక్కుతుంది, పరువు దక్కుతుంది, కూడికలో లారీని మించి బతికిన టైరు ముచ్చట చెప్పి అందరినీ నవ్వించి ఇంటికి పోయి పడుకోవచ్చు. పడుకుంటే నిద్ర వస్తుందా అంటే అది వేరే మాట, నలభై రోజులుగా రానిది ఇవాళ కొత్తగా రావాలని ఏముంది.

రవిని సమాధి చేసిన రోజు పొద్దున, పోలీస్ స్టేషన్ వెనక తుక్కు బండ్ల మధ్య రవి బండి పక్కకు ఒరిగి ఉంది. ఆ రోజు లోపలి పక్క చూడటానికి వంగాల్సిన పని కూడా లేకపోయింది, బండే పడుకుని చూపించింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ముప్పై, పదిహేడు. ఎనిమిదేళ్లు. గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలో ఉన్నట్టు. గోరుతో గట్టిగా నొక్కాడు, వేలికి తెలియకపోయినా కంటికి తెలిసింది, గోరే విరిగింది. అక్కడి నుంచి నేరుగా సమాధుల తోటకు పోయాడు. పెట్టె దించాక, మార్తమ్మ అందరి ముందు వచ్చి తన చొక్కా పట్టుకుంది. అడ్డగోలుగ తోలిండంటున్నరు అన్నా, నువ్వు సూసొచ్చినవ్ గదా, నా కొడుకు తప్పు జేసిండా అంది. లేదు అంటే సరిపోయేది. కానీ ఒట్టి లేదు అనే మాట అబ్బయ్య నోట ఎన్నడు వచ్చింది కనుక. ముచ్చట నిలబడాలంటే దానికి ఒక కాలు ఉండాలి. టైర్లు వెన్న లెక్క ఉన్నయి చెల్లె, నీ కొడుకు బ్రేకు సక్కగనే కొట్టిండు, రోడ్డు మీద నూనె ఉన్నది, ఏ ట్యాంకరో కార్చుకుంట పోయింది, చీర కొంగంత వెడల్పు, వానకు గూడ పోని జిడ్డు, నేను వేలు పెట్టి వాసన చూసిన అన్నాడు. వాసన ఎందుకు కలిపాడో తనకే తెలియదు. వాసన కలిపాక మార్తమ్మ చేతులు వదులయ్యాయి. గట్లనా అంది. నా కొడుకు తప్పు లేదు అని మూడుసార్లు అంది, పక్కనున్న కోడలు ఫెబాకు చెప్పింది, పాస్టరుకు చెప్పింది, మట్టి వేస్తున్నవాళ్లకు చెప్పింది. ఆ రాత్రి అన్నం తిన్నదట. అంతవరకు అది మంచి అబద్ధమే అనుకున్నాడు. ఆకలి తీర్చిన అబద్ధం అనుకున్నాడు.

హబ్సిగూడ దాటి కుడి పక్క స్తంభాలు వరసగా వస్తున్నాయి, పైన రైలు పోయిన మోత, కింద వాన నీళ్లు అంచుల వెంట పారుతున్నాయి. ఆ స్తంభం ఏదో అబ్బయ్యకు తెలుసు. అది దగ్గరపడింది. ముందు ఆటో ఒకటి ఉన్నట్టుండి నెమ్మదించింది. అనిల్ బ్రేకు మీద కాలు వేశాడు, గట్టిగా కూడా కాదు, మామూలుగా. కారు ఆగడానికి ఒప్పుకుంది కానీ చక్రాలు ఒప్పుకోలేదు. మూరెడు, ఇంకో మూరెడు, ముందుభాగం చల్లగా పక్కకు జరుగుతూ పోయింది, ఎవరో కింద నుంచి చాప లాగినట్టు, ఆటో వెనక రాతలు అద్దం నిండా వచ్చాయి, అప్పుడు ఆగింది. ఆటోవాడికి తెలియనే లేదు. అబ్బయ్య వేలికి రెండేళ్లుగా తెలియనిది ఇప్పుడు వెన్నెముకకు తెలిసింది, నడుము కింద నుంచి మెడ దాకా.

"నువ్వన్న నూనె ఇంక పోలేదు పెద్దనాయినా," అన్నాడు అనిల్, స్టీరింగు మీద చెమట తుడుచుకుంటూ. "పాపం, అత్త రోజూ పోస్తనే ఉన్నది."

ఏం పోస్తున్నదని అడగబోయి, కిటికీలోంచి చూశాడు. స్తంభం మొదట్లో, రోడ్డు అంచు నుంచి మధ్య దాకా, పసుపుపచ్చటి ఇసుక చాళ్లు చాళ్లుగా వానకు కొట్టుకుపోతూ ఉంది. అనిల్ చెబుతూ పోయాడు. నూనె జిడ్డు వానకు పోదని పెద్దనాయిన అన్నాడట కదా, ఇంకో తల్లి కొడుకు జారకూడదని, తెల్లారి ఆరింటికి డిపో వెనక ఇల్లు కట్టేచోట నుంచి సంచిలో ఇసుక మోసుకుని, సర్వీసు ఆటోలో వచ్చి, బండ్ల మధ్య నిలబడి చల్లి పోతున్నదట, నెల రోజుల నుంచి. మొన్న ఒక బస్సు కొంగు తాకుతూ పోయిందట. ఫెబా మొత్తుకుంటే, నీకేం తెలుసు, అబ్బయ్యన్న వాసన చూసి చెప్పిండు అన్నదట.

ఆ తర్వాత ఉప్పల్ చౌరస్తా దాకా దారి ఎట్లా గడిచిందో అబ్బయ్యకు గుర్తు లేదు. ఏళ్ల తరబడి కడుతూనే ఉన్న పైవంతెన కింద గుంతల్లో కారు ఊగుతుంటే, తాను ఊగుతున్నట్టు కూడా తెలియలేదు. లేని నూనె మీద ఉన్న ఇసుక. లేని వేలు మీద ఉన్న పేరు. తడి రోడ్డు మీద ఇసుక పడితే ఎట్లాంటి టైరైనా జారుతుంది, చచ్చిన టైరు సంగతి చెప్పనే అక్కర లేదు. ఆమె ఒకరి కొడుకును కాపాడుతున్నాననుకుంటూ జారుడు పోస్తున్నది, పోయించింది తాను. ఇక కంపెనీ వెనక్కి పిలిచిందన్న ముచ్చట పనికిరాదు. అనిల్ టైర్లు మారుతాయి, రేపు ఆరింటికి ఆమె మళ్లీ సంచి ఎత్తుకుంటుంది. ఇసుక ఆపాలంటే నూనె తీయాలి. నూనె తీస్తే కొడుకు తప్పు లేదన్న మాట కూడా దాంతోపాటు పోతుందేమో, పోదు, తప్పు ఉండాల్సిన చోటికి, తన మీదికి వస్తుంది, అంతే. ఆమె తన ముఖం మీద తలుపు వేస్తుంది. చర్చిలో బెంచీ మారుతుంది. ఆదివారాలు ఎవరూ చేయి పట్టి లాక్కుపోరు. ఇవన్నీ ఒక్కొక్కటే ముందుకు వచ్చి నిలబడ్డాయి, అబ్బయ్య ఒక్కొక్కదాన్నీ చూశాడు, దేన్నీ ముచ్చటగా మార్చలేకపోయాడు.

డిపో వెనక సందులో కారు ఆగేసరికి మార్తమ్మ గేటు దగ్గరే ఉంది. తెల్ల చీర, ఒక చేతిలో పూల వలయం, రెండో చేతిలో బరువుకు కిందికి సాగిన రెక్సిన్ సంచి. వెనక ఫెబా గొడుగు పట్టుకుని నిలబడింది. మార్తమ్మ ముందు వచ్చింది, వంగి ముందు చక్రాన్ని ఒకసారి అరచేత్తో నిమిరింది, లేగదూడను నిమిరినట్టు, తర్వాత వెనక తలుపు మీద చేయి వేసింది.

"సమాధికి పొయ్యేది గా తొవ్వనే గదా. స్తంభం కాడ జర ఆపుమను అన్నా. వానకు నిన్నటిదంత కొట్టుకపోయి ఉంటది."

అబ్బయ్య కిందికి దిగాడు. వాన నెత్తి మీద పడుతోంది. ఆమె చేతిలోంచి సంచి తీసుకోబోతే పట్టు దొరకలేదు, వేళ్ల మధ్య నుంచి జారిపోయింది, ఆమే పట్టుకుంది.

"ఎక్కొద్దు చెల్లె," అన్నాడు. "గీ టైర్లు సచ్చినయి. ఎనిమిదేండ్లయి. రవి అడిగిన్నాడే సచ్చినయి. నా వేలు గూడ సచ్చింది, రెండేండ్లాయె, ఎవ్వలకు చెప్పలే. తెల్వకుంటనే మంచియన్న."

అనిల్ ఇంజను ఆపేశాడు. ఫెబా గొడుగు పక్కకు వాలిపోయింది. మార్తమ్మ అతని ముఖంలోకి చూసింది, ఎప్పుడూ చూసినట్టే, ఎక్కడ నవ్వాలో వెతుకుతున్నట్టు.

"మరి నూనె?" అంది. "వాసన సూసిన అన్నవు గదా."

"అదొక్కటి నేను కల్పించిన. రోడ్డు మీద సుక్క గూడ లేకుండె చెల్లె. ఆ నూనె నేను పోసిన, గీ నోటితోని."